ఫారంలో ఎనిమిదో గడి

ఒంటిగంట కొట్టడం ఆలస్యం, ఆ పిల్ల కిటికీకి అట్టముక్క అడ్డం పెట్టేసింది. భోజన విరామం అని దాని మీద మూడు భాషల్లో రాసి ఉంది, మూడింట్లోనూ నాకు వినపడింది ఒక్కటే, ఇంకో గంట ఇలాగే చావు అని. మా ఫారం, మా ఇద్దరి పుట్టిన సర్టిఫికెట్లు దాని చేతిలోనే ఉన్నాయి, వాటిని గుండెకి ఆనించుకుని లోపలికి వెళ్ళిపోయింది. పేరు మెరెసేని, ఈ దీవుల పిల్ల, మా పెద్దమ్మాయి ఈడు, చెవి వెనక ఎర్ర మందారం, మన భాష మనకంటే శుభ్రంగా మాట్లాడుతుంది. "పాత పుస్తకాలు కూడా వెతకాలి ఆంటీ, మీ కాలంవి అన్నీ ఇంకా కంప్యూటర్లోకి ఎక్కలేదు. రెండింటికల్లా చెప్పేస్తా. రెండున్నరకి మీ పెళ్ళి. అంకుల్, ఈలోగా పారిపోకండేం!" అంది. ఆయన పకపకా నవ్వాడు. నాకు మాత్రం చెవిలో పడింది రెండు మాటలే. పాత పుస్తకాలు. వాటిలో ఒకదాంట్లో నా పేరు ఉంది, పెళ్ళికూతురు అన్న చోటే ఉంది, పక్కన పెళ్ళికొడుకు అన్న చోట ఉన్నది మాత్రం ఈయన పేరు కాదు. మా నాన్నకి తెలుసు, మా అమ్మకి తెలుసు, ఇద్దరూ పోయారు. నాకు తెలుసు. నా పక్కన బెంచీ మీద కూర్చుని, ఇస్త్రీ చొక్కా నలగకుండా వీపు నిటారుగా పెట్టుకున్న ఈయనకి తెలీదు, ముప్పై ఆరేళ్ళు ఒక కంచంలో తిని ఒక మంచం మీద పడుకున్న మనిషికి తెలీదు.

ఎందుకు రాశానో ఆ ఎనిమిదో గడిలో. నీ పెళ్ళి సంగతి ఏమిటి అని అడుగుతుంది ఆ గడి, ఇంతకుముందు అయిందా, లేదా, అయితే ఏమైంది అని. ఈయన గబగబా తనది రాసేసి, "బ్రహ్మచారి అని రాశా! ఇద్దరు పిల్లలు, ఒక మనవడు ఉన్న బ్రహ్మచారిని ఈ లౌతోకాలో ఇంకొకణ్ణి చూపించండి" అని ఆఫీసంతా వినపడేలా అరిచాడు, లైనులో ఉన్నవాళ్ళు నవ్వారు. నేను కూడా పెళ్ళికానిదాన్ని అనే రాశాను. ఆ గడి కిందనే సన్న అచ్చులో ఉంది, తప్పుడు సమాచారం ఇస్తే జైలు అని, అది చదివే రాశాను. చదవకపోతే బాగుండేది. ఆఫీసు గోడకి పెళ్ళిజంటల ఫోటోలు అంటించారు, తెల్లగౌన్లు, పూలదండలు, అందరూ నన్నే చూస్తున్నట్టున్నారు, తేలు కుట్టిన దొంగలా నేను సంచిలో ఏదో వెతుకుతున్నట్టు నటిస్తున్నాను. సంచిలో ఏముంది, రొట్టెల పొట్లం, ఆయన గుండె మాత్రలు. సాక్షి సంతకానికి వచ్చిన సుభాగీ వదిన ఆ పొట్లం నా చేతిలోంచి లాక్కుని విప్పేసింది. ఆయనకి అక్క, తల్లి తర్వాత తల్లి, ఆవిడ నోటికి ఊరంతా జడుస్తుంది. "లబాసా మనుషులకి పెళ్ళి రోజున కూడా పనసకూరే. తినవే, పెళ్ళికూతురివి, సోష వచ్చి పడిపోగలవు" అంది. రెండో సాక్షి, ఈయన తోలే బస్సులో పాతికేళ్ళు టిక్కెట్లు కొట్టిన ఇలియాసా, రెండుంపావుకి వస్తానన్నాడు. రాకపోతే బాగుండు. టైరు పగిలితే బాగుండు. దేవుడా, నేను ఎలాంటి మాటలు అనుకుంటున్నాను.

రొట్టె నోట్లో పెట్టుకున్నాను, మింగుడు పడలేదు. అప్పుడు కూడా ఇంతే, ఆ రోజు బిస్కెట్టు మింగుడు పడలేదు. ఎనభై ఏడు, మార్చి, శుక్రవారం, అవతలి దీవిలో మా ఊరు లబాసాలో చిన్న ఆఫీసు, కిటికీలోంచి చెరకు లారీలు కనపడుతుండేవి, కాదు కాదు, మార్చిలో చెరకు ఎక్కడిది, అవి ఖాళీ లారీలు, కడిగి వరసగా నిలబెట్టినవి. పందొమ్మిదేళ్ళ దాన్ని, అమ్మది ఆకుపచ్చ చీర కట్టారు. మాలో అందరికీ అంతే, ముందు సివిల్, అంటే సర్కారు ఆఫీసులో సంతకాలు, తర్వాత మంచిరోజు చూసి అగ్ని ముందు పెళ్ళి, రెంటికీ మధ్య రెండు నెలలు, ఆరు నెలలు, ఒక్కోసారి ఏడాది. అప్పటిదాకా పిల్ల పుట్టింట్లోనే ఉంటుంది, పిల్లాడు వస్తే తలుపు చాటు నుంచి మాట్లాడుతుంది, సంతకం పెట్టిందని ఎవ్వరూ ఆమెని పెళ్ళయిన మనిషి అనరు, సర్కారుకి చెప్పాలి గనక చెప్పాం అంతే, అసలు పెళ్ళి ముందుందిగా అంటారు. పెళ్ళికొడుకు కేశవ్ ప్రతాప్, వాళ్ళ నాన్న బడిపంతులు, ఫారం మీద నా పేరు చూసి ముక్కు చిట్లించాడు, "బిద్యావతి ఏంటి, పల్లెటూరి రాత. విద్యావతి అని రాయండి సార్" అన్నాడు, ఆ గుమాస్తా అలాగే రాశాడు. తర్వాత నిలబెట్టి ఒక్కో మాటా చెప్పించారు. కేశవ్ ప్రతాప్ అనే ఇతన్ని, అని అందరి ముందూ గొంతెత్తి చెప్పాను, మొగుడి పేరు పలకకూడదని అమ్మ నేర్పిన నోటితోనే. ఈయన పేరు మటుకు ఇంతవరకూ పలకలేదు, అమ్మాయి వాళ్ళ నాన్న అంటాను, లేదా ఏమండీ అంటాను. బయటికొస్తే చినుకులు, అతను గొడుగు పట్టాడు, అంతా నా మీదే పట్టాడు, ఎడం భుజం తడిసిపోయింది. ఏం మాట్లాడాలో తెలీక, "మీ ఇంట్లో పిల్లి ఉందా?" అని అడిగాడు. ఉందన్నాను. అంతే మా కాపురం.

మే నెలలో సిపాయిలు తుపాకులతో పార్లమెంటులోకి వెళ్ళారు, సర్కారు పడిపోయింది. రేడియో ఆగిపోయింది, మళ్ళీ మొదలైంది, ఎవరో ఏదో చదివారు, నాన్న రేడియో కట్టేసి పొలానికి వెళ్ళిపోయాడు, అసలు పెళ్ళికి కట్టిన పందిరి గుంజలు అలాగే ఉన్నాయి. ఊళ్ళో మనవాళ్ళలో ఎవరిని చూసినా పాస్‌పోర్టు ఫోటోలే, దేశం వదిలిపోవడానికి. జులైలో పంతులుగారి కుటుంబం విమానం ఎక్కేసింది, కెనడా అన్నారు, ఆ అబ్బాయి మేనమామ వచ్చి, "పరిస్థితులు ఇలా ఉన్నాయి రామ్ ప్యారే, పిల్లకి ఇంకో సంబంధం చూసుకో" అని నాన్నకి చెప్పి టీ కూడా తాగకుండా లేచాడు. విడాకులు అన్న మాట ఎవ్వరి నోటా రాలేదు, పెళ్ళే కానిదానికి విడాకులేంటి? నాన్న ఆ సర్టిఫికెట్‌ని పొయ్యిలో పెట్టాడు, "అగ్ని చుట్టూ తిరగని పెళ్ళి పెళ్ళి కాదు, ఇప్పుడు చూసింది అగ్నిని" అన్నాడు, నవ్వాలనుకున్నాడేమో, నవ్వలేకపోయాడు. మరుసటేడు సముద్రం దాటించి ఈ దీవికి తెచ్చి అగ్ని సాక్షిగా ఈయన చేతిలో పెట్టాడు, ఇక్కడ మమ్మల్ని ఎరిగినవాళ్ళు లేరు. సివిల్ ఏదని ఈయన వాళ్ళు అడిగితే, లబాసాలో ఆఫీసులన్నీ తలకిందులుగా ఉన్నాయి, సద్దుమణిగాక చేద్దాం అన్నాడు. వంద అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు, మా నాన్న ఒక్కదానితో చేశాడు. మిగతా తొంభై తొమ్మిదీ నాకు వదిలేశాడు.

అన్నీ ఆడాను. కడుపుతో ఉన్నాను, ఇప్పుడు కాదన్నాను. తొంభై మూడు తుపాను వచ్చి కప్పు లేచిపోతే లోలోపల దండం పెట్టుకున్నాను, నా పుట్టిన సర్టిఫికెట్ కొట్టుకుపోయింది కదా అని. కొత్తది తేవాలంటే లబాసా వెళ్ళాలి, లబాసా అంటే నాకు ఓడలో వాంతులు అన్నాను. పిల్లలు ఎదిగాక, సిగ్గులేదూ ఈ వయసులో అన్నాను. ఈయనేమో, "పోనీలే, కాగితం లేకపోతే నువ్వేమన్నా పారిపోతావా?" అని ఊరుకునేవాడు. ఊరుకునే మనిషి దగ్గర అబద్ధం ఎంత హాయిగా బతుకుతుందో! జనవరిలో గుండె పట్టేసింది ఆయనకి, బస్సు పక్కకి ఆపి, ఎక్కినవాళ్ళని దించి, అప్పుడు స్టీరింగు మీద వాలాడు. ఆసుపత్రి నుంచి వచ్చిన దగ్గర్నుంచీ ఒకటే పాట, ఇంటి లీజులో నా పేరు కూడా ఎక్కించాలని. లీజు ఆఫీసువాళ్ళు పెళ్ళి సర్టిఫికెట్ తెమ్మన్నారు. "రేపు నేను పోతే నిన్ను ఎవరు నువ్వు అంటారే! ఈ గుమ్మంలో నువ్వెవరు అంటారు!" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు, పెద్దమ్మాయి నాదీ పట్నం నుంచి సెలవు పెట్టి వచ్చి, నా పుట్టిన సర్టిఫికెట్ కంప్యూటర్లో పది నిమిషాల్లో తెప్పించేసింది. ముప్పై ఏళ్ళ తుపాను పది నిమిషాల్లో తేలిపోయింది. ఇంక ఏం చెప్పను?

గోడ గడియారం ఒకటీ ఇరవై అయిదు. ఇప్పుడు చెప్పెయ్యాలి. ఆ పిల్ల నోటి నుంచి వినే కంటే నా నోటి నుంచి వినడం మేలు కదా, ఏమో, ఏం మేలు, రెండూ ఒకటే కొరివి. చెప్పాక ఆ గుండె ఏమవుతుంది? డాక్టరు ఏమన్నాడు, మనసుకి కష్టం కలిగించే మాటలు వద్దన్నాడు. బాగుంది, డాక్టరు నా పక్షమే. "ఏమండీ, ఒకసారి బయటికి వస్తారా" అన్నాను. వరండాలోకి వచ్చాడు. చెరకు మిల్లు పొగ వాసన, తియ్యగా, కాస్త మాడినట్టు. జుట్టుకి రంగు వేయించుకున్నాడు, చెవి పక్కన చర్మానికి కూడా అంటింది, ఉమ్మితో తడిపి తుడవబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాను. "ఏంటి, భయమేస్తోందా? నాక్కూడా ఏస్తోంది. అప్పుడు మీ నాన్న పక్కనున్నాడు, పురోహితుడు ఏది చెప్తే అది చేశా. ఇప్పుడు నా అంతట నేను చేసుకుంటున్నా" అన్నాడు. "ఒక మాట చెప్పాలి" అన్నాను. "చెప్పు." చూస్తున్నాడు. ఆ చూపు నాకు తెలుసు, రోడ్డు మీద దూరంగా చెయ్యెత్తిన ముసలివాళ్ళ కోసం బస్సు నెమ్మది చేసేటప్పటి చూపు. చెప్పు, చెప్పవే, మూడు ముక్కలు, నాకు ముందు సివిల్ అయింది, నాలుగు ముక్కలు. ఈలోగా వదిన గుమ్మంలోంచి, "ఒరేయ్, మాత్రల వేళయింది, అక్కడేం గుసగుసలు, రాత్రికి దాచుకోండి!" అని కేకేసింది. ఆయన నవ్వుతూ లోపలికి వెళ్ళిపోయాడు. నాకు కోపం వచ్చింది, వదిన మీద కాదు, ఆవిడ పిలిచినందుకు ప్రాణం లేచొచ్చిన నా మీద.

ఒకటీ నలభై. దొరక్కపోవచ్చు. ఇక్కడ నేను బిద్యావతి, అక్కడ విద్యావతి, అక్షరం వేరు, వరసలో ఎక్కడో చివర ఉంటుంది, పాపం ఆ పిల్ల అంతవరకు ఎందుకు వెళ్తుంది, అన్నం తిని కునుకు తీస్తుందేమో. పంతులుగారూ, మీ గొప్ప చదువుకి ఇవాళ దండం పెడతాను, ఆ ఒక్క అక్షరం నన్ను కాపాడితే. కాపాడితే? అప్పుడు రెండున్నరకి లేచి నిలబడి, నాకు ఇంతకుముందు పెళ్ళి కాలేదు అని దేవుడి పేరు మీద చెప్పాలి. ఈయన పక్కన నిలబడి చెప్పాలి. కాపాడకపోతే నేనెవరిని? కట్టుకున్నదాన్ని కానుగా, ఉంచుకున్నదాన్ని. నా పిల్లలు ఎవరి పిల్లలు? అతను అక్కడ కెనడాలో తెల్లదాన్నో నల్లదాన్నో చేసుకుని పిల్లల్ని కని, మంచు ఎత్తిపోస్తూ ఉంటాడు, నా పేరు కూడా గుర్తుండదు, నేనిక్కడ అతని పెళ్ళాన్ని. ఒకటీ యాభై రెండు. వదిన గురక. ఈయన నా చెయ్యి పట్టుకున్నాడు, జనం మధ్యలో ఎప్పుడూ పట్టుకోడు. "చల్లగా ఉందేంటే!" అన్నాడు. వదిలించుకోలేదు. రెండు దాకా ఉండనీ, నాదే కదా రెండు దాకా, అనుకున్నాను.

అట్టముక్క పక్కకి జరిగింది. మెరెసేని మొహంలో నవ్వు లేదు. "ఆంటీ, మీరొక్కరే లోపలికి రండి" అంది. ఈయన కూడా లేచాడు, "పెళ్ళికూతురొక్కతే వెళ్తే ఎలాగమ్మా? నేనూ వస్తా." ఆ పిల్ల నా వంక చూసింది, వద్దను ఆంటీ, నేను ఆపుతాను అన్నట్టు చూసింది. అప్పుడు నా నోటికి ఏమైందో, "రానీయమ్మా" అన్నాను. లోపలి గదిలో బల్ల మీద పొడుగాటి పుస్తకం, అంచులు పురుగు కొట్టినవి. "లబాసా పుస్తకానికి జత ప్రతి, సంతకాలు రెండింట్లోనూ పెట్టిస్తారు. ఎనభై ఏడు, మార్చి ఆరు. విద్యావతి అని ఉంది, తండ్రి రామ్ ప్యారే, పుట్టిన తేదీ మీదే. ఇది మీరేనా ఆంటీ?" "నేనే" అన్నాను. ఇంత చిన్న మాటా నేను ఇన్నేళ్ళు మోసింది! ఈయన నవ్వాడు, "పొరపాటమ్మా. లబాసాలో బస్సుకి పదిమంది విద్యావతులు" అంటూ వంగి చూశాడు. సంతకం చూశాడు. ముప్పై ఆరేళ్ళుగా బజారు చీటీల మీద చూస్తున్న నా రాతని గుర్తుపట్టాడు. నవ్వు ఆగిపోయింది.

"విడాకులు తీసుకున్నారా ఆంటీ?" లేదన్నాను. "ఎనిమిదో గడిలో అబద్ధం రాశారు. ఇంకా ప్రమాణం చెయ్యలేదు గనక ఆ ఫారం పక్కన పెడతాను, కొత్తది ఇస్తాను. కానీ ముందు ఒకటి చెప్పాలి." గొంతు తగ్గించింది. "ఆ కేశవ్ ప్రతాప్ పోయారు. రెండువేల పదకొండు, సెప్టెంబరు తొమ్మిది. లబాసాలోనే. భార్య పేరు అన్న చోట ఇదుగో, మీ పేరే ఉంది. బితోనూ వితోనూ వెతికితే కంప్యూటర్లో ముందు ఇది తగిలింది, దాన్ని బట్టే ఆ పెళ్ళి కూడా దొరికింది." ఇంకో కాగితం మీద వేలు పెట్టి చూపించింది. విద్యావతి. కెనడాలో మంచు ఎత్తిపోస్తున్నాడనుకుంటున్నాను నేను. ఎప్పుడొచ్చాడు? ఎందుకొచ్చాడు? చచ్చిపోయే ముందు ఎవరడిగితే చెప్పాడు నాకు భార్య ఉందని? గొడుగు పట్టిన చెయ్యి తప్ప మొహం కూడా గుర్తు రావడం లేదు నాకు, ఏడుద్దామంటే మొహం లేదు. "అందుకని మీ పెళ్ళికి అడ్డం ఏమీ లేదు ఆంటీ. ఎనిమిదో గడిలో విధవ అని రాస్తే చాలు" అంది మెరెసేని.

ఫ్యాను తిరుగుతోంది. "నేనిక్కడ నిలబడి ఉంటేనా?" అన్నాడు ఈయన. "కాగితం ప్రకారం అంకుల్." "మరి పదమూడేళ్ళ కిందటి దాకా?" ఆ పిల్ల పుస్తకం అంచు సర్దింది. "చెప్పమ్మా, అప్పటిదాకా ఇది ఎవరి పెళ్ళాం?" "కాగితం ప్రకారం అంకుల్…" నేను అడ్డం వచ్చాను, "పందొమ్మిదేళ్ళ దాన్నండీ, అగ్ని చుట్టూ తిరగలేదు, నన్ను తాకను కూడా లేదు…" అరచెయ్యి ఎత్తాడు. "అది నేను అడిగానా?" అన్నాడు. తర్వాత మళ్ళీ ఆ కాగితం మీదికి వంగాడు. "అతనికి తలకొరివి ఎవరు పెట్టారో ఇందులో ఉంటుందా?" "అది రాయరు అంకుల్." "పిల్లల పేర్లు?" "ఖాళీగా ఉంది." తల ఊపాడు. "కొత్త ఫారం తీసి ఉంచమ్మా. పదమూడు రోజులయ్యాక వస్తాం." "ఇవాళే అయిపోతుంది అంకుల్, రెండున్నరకి…" "పదమూడు రోజులు" అన్నాడు, బయటికి నడిచాడు.

బెంచీ మీద వదిన కళ్ళు నులుముకుంటూ, "ఏంట్రా, పెళ్ళెప్పుడు?" అంది. "ఇవాళ కాదు. ఇలియాసా వస్తే చెప్పు. నువ్వు కారు దగ్గరికి పద అక్కా." "ఏం, ముహూర్తం కుదర్లేదా బ్రహ్మచారిగారికి?" అని సణుక్కుంటూ వెళ్ళింది. వరండాలో మేమిద్దరమే మిగిలాం. కొడతాడేమో అనుకున్నాను, ఎప్పుడూ కొట్టలేదు, ఇవాళ కొడితే బాగుండనుకున్నాను. రెయిలింగు పట్టుకుని, నాతో కాదు, మిల్లు గొట్టంతో మాట్లాడుతున్నట్టు మాట్లాడాడు. "మొగుడు పోతే పెళ్ళాం పదమూడు రోజులు పాటించాలి. నువ్వు పాటించలేదు. వాడికి ఇంకెవరూ లేరు, కాగితంలో నువ్వొక్కదానివే ఉన్నావు." రెయిలింగు మీద లేచిన రంగు పెచ్చు గోటితో గీకాడు. "నాక్కూడా ఆ పదమూడు రోజులు కావాలి. ఇన్నేళ్ళూ నేను పెళ్ళామనుకున్నది ఎవర్నో నాకు తెలియాలి." "ఆ తర్వాత వస్తారా మళ్ళీ ఇక్కడికి?" అన్నాను. "ఫారం తీసి ఉంచమన్నానుగా" అన్నాడు. అప్పుడు మొదటిసారి నా వైపు తిరిగాడు, కళ్ళలోకి చూడలేదు, పాపిట్లో సిందూరం వైపు చూశాడు. "అది తుడుచుకో. మళ్ళీ పెట్టేది నేనే" అన్నాడు. "ఇక్కడా?" అన్నాను. "ఇక్కడే. ఇంటికెళ్తే చెప్పలేను" అని గబుక్కున గోడ వైపు తిరిగి, నుదురు దానికి ఆనించి నిలబడ్డాడు, ఇస్త్రీ చొక్కా వీపు మీద ఎగిరెగిరి పడుతోంది.

"అయిందా?" అన్నాడు, ఇటు తిరక్కుండానే.

కొంగు చేతిలోకి తీసుకున్నాను. "ఇంకా లేదు, అటే ఉండండి" అన్నాను.